నర్సవ్వ ఆపమన్న చోటు

నర్సవ్వ పోయిన సంగతి మా ఇంటికి వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పాస్టరు అయ్యగారు ఏదీ టైపు చేయరు. మా అమ్మలాంటివాళ్లు తెలుగు మాట్లాడతారే గానీ చదవలేరని ఆయనకు తెలుసు. ఆ పొద్దున నేను యూనిఫాం వేసుకుని జడ అల్లుకుంటున్నాను. అమ్మ జీన్స్ ప్యాంట్ల కుప్ప ముందు కూర్చుని కుట్ల దగ్గర మిగిలిన దారాలు కత్తిరిస్తోంది. ఫోను మోగింది. మనకు ఇన్నేళ్లు దేవుని వాక్యం చదివి వినిపించిన నర్సమ్మగారు తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారని అయ్యగారి గొంతు చెప్పింది. అమ్మ కత్తెర కింద పెట్టి ఆ మెసేజ్ మళ్లీ వినింది. మళ్లీ అదే మాట వచ్చింది.

"అయ్యో దేవా" అంది అమ్మ. "నిన్న సాయంత్రం గూడా పోయినావు గదా పాపా ఆయమ్మింటికి. బాగుండిందా?"

"బాగుండింది" అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడితే దాచిందంతా బయటికి వచ్చేలా ఉంది. బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పాను. అది నీళ్లు వదిలే రోజు కాదు. కుళాయి గాలి మాత్రమే వదిలింది. ఆ చప్పుడులో ఏడ్చాను.

ఏడుస్తూ కూడా భయపడ్డాను. నిన్న సాయంత్రం బైబిలు చదవడం అయిపోయాక నేను అవ్వకు ఒక కథల పుస్తకం చదివాను. అది సగంలో ఉంది. అవ్వ మంచం మీద, దిండు పక్కన ఉంది. కథల పుస్తకాలు మా ఇంట్లోకి రానివ్వని మా అమ్మకు ఆ సంగతి తెలియదు. ఇప్పుడు అవ్వ ఇల్లు ఖాళీ చేస్తారు. ఆ పుస్తకం కావాలంటే నేను నోరు తెరవాలి. తెరిస్తే అమ్మకు అంతా తెలుస్తుంది.

ఇది చదువుతున్న మీకు ఆమె తెలిసి ఉండదు. బళ్లారిలో మా వీధి, మా చర్చి దాటితే ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. మా వీధిలో చాలామందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవే. పెళ్లి చేసుకోలేదు. రూపనగుడిలో తమ్ముడి కుటుంబం ఉంది. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకు పెట్టుకునేది. షుగరు ఉందని టీలో చక్కెర వేసుకునేది కాదు గానీ, టీ తాగాక డబ్బాలోంచి చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుని, "ఇది మందు" అనేది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. అయ్యగారు ప్రసంగం చేసేటప్పుడు బైబిలు తానే చదవరు. అధ్యాయం, వచనం చెప్పి "చదవండమ్మా" అంటారు. ముందు వరుసలో చదివే మనిషి లేచి చదవాలి. ఆయనకు కావలసిన మాట రాగానే "అక్కడ ఆగండి" అంటారు. చదివే మనిషి టక్కున ఆగాలి. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన చాలాసేపు మాట్లాడి, "ఆ, ముందుకు చదవండి" అంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చదివే మనిషి నర్సవ్వే. రాగం తీయదు, గొంతు వణికించదు. మందు ఏ పూట వేసుకోవాలో రోగికి చెప్పినట్టు చదివేది. అందుకేనేమో అందరికీ అర్థమయ్యేది.

షుగరు ఆమె కళ్లకు వచ్చింది. ఆపరేషన్ చేయించుకుంది, పెద్దగా లాభం లేకపోయింది. ఒక ఆదివారం అయ్యగారు "చదవండమ్మా" అన్నారు. అవ్వ లేచి పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టి చూసింది. "అయ్యగారూ, ఇంగ నా కండ్లతో కాదు. ఇంకెవురికన్నా చెప్పండి" అని కూర్చుంది. ఎవరైనా జాలిపడే లోపలే ఆ మాట అనేసింది.

ఆ రోజు చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఏం పాపా, ఇంగ్లీషు బడిలో చదవతాండావంట గదా. సాయంత్రం పూట వచ్చి నాకి రెండు అధ్యాయాలు చదివిపెడ్తావా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "చదవతాది అవ్వా! బాగ చదవతాది. క్లాసులో రీడింగ్ అంటే మిస్సు మొదట ఈ పాపనే లేపేది."

అమ్మ చెప్పింది నిజమే. కానీ ఆ రీడింగ్ ఇంగ్లీషుది. మా బడిలో ఇంగ్లీషు, కన్నడం, హిందీ ఉన్నాయి. తెలుగు మా నోట్లో మాత్రమే ఉంది. చర్చిలో తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని, పక్కవాళ్లు పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. అంతమందిలో నాకు రాదని చెప్పడం కంటే తలూపడం సులభం. తలూపాను. నేను అలాంటిదాన్నే. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తను.

మొదటి సాయంత్రం నాతో సబ్బుతో చేతులు కడిగించింది. బైబిలు ఇచ్చి, "నీకి ఇష్టమైంది చదువు" అని మంచం మీద పడుకుంది. నేను పుస్తకం ఎక్కడో తెరిచాను. సండే స్కూల్లో కంఠస్థం చేసిన కీర్తన ఒకటి, మధ్య మధ్యలో తడబడుతున్నట్టు నటిస్తూ, మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాను. అవ్వ కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక చెయ్యి చాపి నా ఒళ్లోని పుస్తకాన్ని తడిమింది. ఎడమ పక్క పేజీలు పలచగా, కుడి పక్క మందంగా ఉన్నాయి.

"కీర్తనలు పుస్తకానికి నట్టనడుమ ఉంటాయి పాపా" అంది. "నువ్వు ఆదికాండం తెరుచుకోని కీర్తన చదవతాండావే!"

నాకు చెవులు వేడెక్కాయి. "మా అమ్మకి చెప్పొద్దు అవ్వా" అన్నాను.

ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. "చెప్పనులే. కాన్పుల వార్డులో పని చేసినదాన్ని. నా కడుపులో ఎవురెవురి రహస్యాలు ఉండాయో నీకేం తెల్సు? కన్నడం చదివేది వచ్చునా?"

"వచ్చు."

"అయితే సగం వచ్చినట్లే. సుమ్నె ఊరికే ఏడ్సవద్దు. రేపు పాటల పుస్తకం తీద్దాం."

ఆమె నాకు అ ఆలు దిద్దించలేదు. చర్చిలో పాడే పాటలు నాకు నోటికి వచ్చు. ఆ పాట పాడుతూ, పుస్తకంలో మాట మాట కింద వేలు జరపమనేది. ఆమెకు అక్షరాలు కనిపించవు గానీ నా వేలు కనిపించేది. పాట ముందుకు పరిగెత్తితే, "వేలు కుంటతాండాది. పాట ఆపు, పాపం దాన్ని గూడా రానీ" అనేది. అలా పాటలోంచి మాట, మాటలోంచి అక్షరం ఊడి వచ్చాయి. ఎండాకాలం సెలవులు అయ్యేసరికి నేను బైబిల్లో తెరిచిన చోటల్లా చదువుతున్నాను. అమ్మకు నేను నేర్చుకున్న సంగతీ తెలియదు, అంతకు ముందు రాని సంగతీ తెలియదు.

ఒక సాయంత్రం అధ్యాయాలు అయిపోయాక అవ్వ మంచం కిందున్న రేకు ట్రంకు లాగమంది. అందులో పుస్తకాలున్నాయి, కానీ దేనికీ అట్ట లేదు, పేరు లేదు. ఆమె ఉద్యోగంలో ఉన్నప్పుడు వారపత్రికల్లో వచ్చిన సీరియల్ కథలవి. వారం వారం ఆ పేజీలు చించి దాచుకుని, కథ ముగిశాక ఆస్పత్రిలో పక్కన పడేసిన వంకర సూదితో, కుట్లు వేసే దారంతో అన్నీ కలిపి కుట్టుకుంది. గాయాన్ని కుట్టినట్టే, ఒక్కో కుట్టుకూ విడిగా ముడి. వెనక పేజీల్లో చీరల ప్రకటనలు, తలనొప్పి మాత్రల ప్రకటనలు.

ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని ఆమె కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఇది రాసినోళ్లని దీవించు. చదివే ఈ పాపని దీవించు. ఆమెన్."

నాకు నవ్వొచ్చింది. "కథకి కూడా ప్రార్థనా అవ్వా?"

"అన్నం తినేటప్పుడు చెయ్యవా? సంగటికి ఒగ ప్రార్థన, ఉగ్గానికి ఒగ ప్రార్థన అని ఏమన్నా ఉండాదా?"

నేను వెంటనే తెరవలేదు. అంతకు ముందు సంవత్సరం సువార్త కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, కథల పుస్తకాలూ సినిమాలూ లోకానికి చెందినవి, విశ్వాసుల ఇళ్లలో ఉండకూడదని చెప్పాడు. అమ్మ అది మనసుకు పట్టించుకుంది. నా స్నేహితురాలు ఇచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకాన్ని తానే పోయి వాళ్ల ఇంట్లో ఇచ్చి వచ్చింది. మా అమ్మ కఠినమైన మనిషి కాదు. నాన్న తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసి కంపెనీ బస్సులో వచ్చి పడుకుంటాడు. నన్ను చూసుకునేది ఆమె ఒక్కతే. నేను దారి తప్పుతానని ఆమెకు భయం. నా భయం బహుశా ఆమె దగ్గరి నుంచే వచ్చింది. ఆమెకు కోపం వస్తే అరవదు, మాట్లాడటం మానేస్తుంది. ఆ మౌనానికి నేను దేనికీ భయపడనంత భయపడతాను.

అవ్వకు ఇదంతా చెప్పాను.

"ప్రభువు జనాలతో మాట్లాడినప్పుడు కతలే చెప్పినాడు పాపా. లెక్కలు చెప్పలే. మీ అమ్మకి ఆ మాట చెప్పు."

"చెప్తా అవ్వా, తర్వాత."

"చెప్పు. దాచిపెట్టి చదివింది ఒంటికి పట్టదు."

నేను చెప్పలేదు. చదవడం మాత్రం మొదలుపెట్టాను.

మేం మొదట ఒకటి రెండు చిన్న కథలు చదివాం. తర్వాత ఒక పెద్దది తీశాం. ఓడరేవు ఉన్న ఒక ఊళ్లో తండ్రి చనిపోతే ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఆయన హోటలు నడుపుకుంటారు. పేరు లేదు కాబట్టి మేం దాన్ని హోటలు పుస్తకం అనేవాళ్లం. అవ్వ దాన్ని ఎప్పుడో చదివింది గానీ, వార్డులో డ్యూటీల మధ్య చదివిన కథ కాబట్టి సగం మరిచిపోయింది. "మర్చిపోయేది గూడా దేవుడి దయనే, మళ్లా కొత్తగా వినొచ్చు" అనేది.

బడిలో చదవడం అంటే పాసేజ్ చదివి కింద ప్రశ్నలకు జవాబులు రాయడం. నేను అలాగే గబగబా చదివేదాన్ని. అవ్వ చర్చిలో అయ్యగారిలా మధ్యలో చెయ్యి ఎత్తేది.

"స్వల్ప ఆడ ఆపు. ఇప్పుడు చదివింది మళ్లా చదువు."

మళ్లీ చదివాను. చెల్లెలు బల్లలు తుడుస్తూ, గల్లాపెట్టె వెనకున్న కుర్చీ వైపు చూడకుండా పక్కనుంచి నడిచిపోయిందని ఉంది.

"యాల చూడలే?" అంది అవ్వ.

"అది వాళ్ల నాన్న కూర్చునే కుర్చీ కదా. ఖాళీగా ఉంటుంది. చూస్తే ఏడుపొస్తుంది."

"అట్లని రాసిందా ఆడ?"

పేజీ అంతా వెతికాను. "రాయలేదు."

"రాయలేదు గదా. మల్ల నీకెట్ల తెల్సింది?"

నేను ఆ వాక్యం మీద మళ్లీ వేలు జరిపాను. ఒళ్లు జలదరించింది. ఎప్పుడో, ఎవరో, నన్ను ఎరగని మనిషి రాయకుండా వదిలేసిన ఒక మాట బళ్లారిలో నా దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ వీధిలో మనుషుల ముఖాలు చూశాను. ప్రతి ఒక్కరూ ఏదో ఒక కుర్చీ వైపు చూడకుండా నడుస్తున్నట్టు అనిపించింది. చదవడం నాకు ఇష్టమని నాకు తెలిసింది ఆ రోజే.

"గబగబా చదివితే కత తెలుస్తాది. మనిషి తెలియదు" అనేది అవ్వ. ఆ పద్ధతి బైబిలుకూ అంటుకుంది. అప్పటిదాకా వాక్యం అంటే నాకు సండే స్కూల్లో తప్పులేకుండా అప్పజెప్పి బహుమతి తెచ్చుకునేది. ఒక రోజు, మధ్యాహ్నం పూట బావికి ఒంటరిగా వచ్చి ప్రభువుతో మాట్లాడిన ఆమె గురించి చదువుతుంటే అవ్వ ఆపింది.

"మన వీధిలో ఎవురైనా మిట్టమధ్యాహ్నం బిందె ఎత్తుకోని పోతారా?"

"ఈ ఎండలోనా? ఎవరూ పోరు అవ్వా. పొద్దున్నే పోతారు."

"పొద్దున పోతే ఎవురుంటారు?"

"అందరూ ఉంటారు" అన్నాను. అని ఆగిపోయాను. అందరూ ఉంటారనే ఆమె మధ్యాహ్నం వచ్చింది. తన ఐదు పెళ్లిళ్ల గురించి వాళ్లనే మాటలు పడలేక వచ్చింది. ఎన్నోసార్లు విన్న కథలో ఆ ఎండ నాకు మొదటిసారి తగిలింది. నేను ప్రార్థన చేయడం కూడా ఆ తర్వాత మారింది. అప్పజెప్పడం తగ్గింది.

హోటలు పుస్తకంలో ఒక వారం పేజీలు లేవు. ఉన్నట్టుండి అక్క కాలిన చేతికి కట్టుతో కనిపిస్తుంది. ఎలా కాలిందో, ఏమైందో తెలియదు.

"ఆ వారం పుస్తకం వార్డులో ఎవురో చంటిబిడ్డ కింద పరిచేసినారు" అంది అవ్వ. "ఆ పిల్లోడు ఇప్పుడు యాడుండాడో, నా కత మీద ఒంటికి పోసి పోయినాడు. నువ్వు చెప్పు, ఏమైంటాది?"

నేను ఒకటి కల్పించి చెప్పాను. చెల్లెలి మీద పడబోయిన వేడి నూనె అక్క చెయ్యి అడ్డం పెట్టడంతో ఆమె మీద పడిందన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. "అంత మంచిది కాదు ఆ అక్క. కోపంలో తానే పోసుకోనింటాది" అంది. మేం ఆ సాయంత్రమంతా గొడవపడ్డాం. నేను పెద్దవాళ్లతో అలా ఎదురు మాట్లాడింది ఆమె ఇంట్లోనే.

చివరి సాయంత్రం కథలో అక్క హోటలు తలుపులు మూసి, తాళంచెవి చేతిలో పట్టుకుని వీధిలో నిలబడింది. చెల్లెలు లోపలే ఉందో, వెళ్లిపోయిందో మాకు తెలియదు. నేను పేజీ తిప్పబోయాను.

"ఈడ ఆపు పాపా. రేపు చదువుదాం. ఈ పొద్దు ఆయమ్మ యాడికి పోతాదో నేను పండుకోని ఆలోచన చేస్తా."

అవ్వ ఏం ఆలోచించిందో నాకు ఇక తెలియదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆమె ఇంట్లో అయినవాళ్లను ఓదార్చే ఆదరణ కూటం పెట్టారు. అయ్యగారు అలవాటుగా వచనం చెప్పి "చదవండమ్మా" అన్నారు. అవ్వ తర్వాత చర్చిలో చదువుతున్న మనిషి ఆ రోజు రాలేదు. ఎవరూ లేవలేదు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "లెయ్ పాపా. ఆయమ్మకి చదివినదానివి నువ్వే గదా." లేచాను. చదివాను. అయ్యగారు "అక్కడ ఆగండి" అన్న చోట ఆగాను. అమ్మ చుట్టూ అందరి వైపూ చూసుకోవడం కనిపించింది. ఆమె ముఖంలో అంత గర్వం నేను ఎప్పుడూ చూడలేదు. అంతసేపూ నా చూపు మంచం మీదికే పోతోంది. హోటలు పుస్తకాన్ని ఎవరో దుప్పటితో పాటు పక్కకు నెట్టారు.

కూటం అయ్యాక అవ్వ తమ్ముడి కొడుకు సామాను తీయడం మొదలుపెట్టాడు. రూపనగుడి నుంచి ట్రాక్టర్ తెచ్చాడు. మంచం, బీరువా ఎక్కించాడు. ట్రంకు మూత తెరిచి చూసి, మంచం మీది పుస్తకం కూడా అందులో పడేశాడు.

"ఈ కాయితాలేందో సుమారుండాయి. అట్టల్లేవు, ఏం లేవు. పోతా పోతా గుజరీ అంగడిలో పాత పేపర్ల కింద వేసి పోతా."

"అంకుల్, అవి వేయొద్దు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. ఈసారి అవసరమైనదానికంటే గట్టిగా వచ్చింది. లోపల గిన్నెలు కడుగుతున్న అమ్మ, పక్కింటామె ఇద్దరూ బయటికొచ్చారు.

"యాల పాపా? ఏముండాది దీంట్లో?"

"కథలు."

"కతలా? మా అత్త కతలు చదివేదా?" ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "మేం ఈడికొచ్చి టీవీ పెడితే, బంద్ చేయండిరా అని తిడతాండె గదా!"

అమ్మ నవ్వలేదు. "కతలేంది? నువ్వు ఆయమ్మకి వాక్యం గదా చదివేది?"

"ముందు వాక్యమే చదివేది అమ్మా. అది అయినాక ఇవి."

"ఎప్పట్నుంచి?"

"పోయిన సంవత్సరం నుంచి. రోజూ."

పక్కింటామె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "చూడు మల్ల! మూగమొగం పిల్ల అనుకుంటాంటిమి. పరీక్షలు నెత్తి మీద పెట్టుకోని కతలంట. ఆ ముసలామె గూడా బాగ దొరికింది దీనికి."

అమ్మ చేతులు పైటకు తుడుచుకుంది. ముఖంలోని గర్వం అంతా పోయింది. "పా ఇంటికి" అంది.

నేను ట్రంకు మూత వేసి దాని మీద కూర్చున్నాను. ఎందుకలా చేశానో తెలియదు. నిలబడితే అమ్మ వెనకే నడిచిపోతానని తెలుసు, అందుకే అనుకుంటా. రెండు చేతులతో రేకు మూత అంచు పట్టుకున్నాను.

"ఇవి లేకుండా నేను రాను అమ్మా."

"ఏం పాపా" అన్నాడు ఆయన, "నిన్ను గూడా ఎత్తి ట్రాక్టర్లో వెయ్యల్లనా ఏంది?"

"అంకుల్, ఇవన్నీ అవ్వ కుట్టింది. ఆస్పత్రి సూదితో. మీ ఇంట్లో పెట్టుకుంటామంటే ఎత్తుకపోండి, నేనేమీ అనను. గుజరీకి మాత్రం వేయొద్దు."

ఆయన నవ్వు ఆపాడు. నన్ను కొంచెం జరగమని, ఒక పుస్తకం తీసి కుట్ల మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత పంచె కొంచెం పైకెత్తి మోకాలు చూపించాడు. పాత మచ్చ, దాని మీద వరసగా చిన్న చిన్న గీతలు. "చిన్నప్పుడు నాగలి మీద పడితిని. మా అత్తనే కుట్టింది. ఇదే కుట్టు గదమ్మా ఇది!" అన్నాడు అమ్మతో. నా వైపు చూసి, "ఎత్తుకపో పాపా. మా ఇంట్లో చదివేటోళ్లు ఎవురుండారు" అన్నాడు.

ఇక మిగిలింది అమ్మ. పక్కింటామె ఇంకేదో అనబోతే, "నా బిడ్డ సంగతి నేను చూసుకుంటాలే అక్కా" అంది. వంగి ట్రంకు ఒక పక్క పిడి పట్టుకుంది. "లేచి ఆ పక్క పట్టు" అంది నాతో.

వీధి పొడవునా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడలేదు. నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది. కానీ ఒక సంగతి చెప్పాలి. ఆ మౌనంలో కూర్చుని నేను నిర్ణయించుకున్నాను. ఆమె వద్దన్నా చదువుతాను, ఆమె కళ్ల ముందే చదువుతాను. అమ్మ దేవుణ్నీ వదలను, ఈ పుస్తకాలనూ వదలను. ఆ రెండూ ఒకే మంచం పక్కన, కడిగిన చేతులతో, ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఒకటి ఉంచుకుని ఇంకొకటి పారేస్తే అవ్వను సగమే నమ్మినట్టు.

సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలకు పొయ్యి వెలిగించింది. నాన్న రెండో షిఫ్టులో ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర ట్రంకు పక్కన కూర్చుని ఉన్నాను.

"చదువు" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

"ఏం చదవల్ల?"

"ఆయమ్మ ఏం వింటాండెనో అదే. నాకి గూడా తెలియల్ల గదా, ఇన్నాళ్లు నా బిడ్డ నోటితో ఏం చదివించిందో. దాంట్లో చెడ్డ మాట ఒగటి ఉన్నా రేపు పొద్దున నేనే గుజరీకి వేసొస్తా. అన్నానంటే అన్నానే."

హోటలు పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. తండ్రి ఇంకా బతికే ఉన్న ఉదయం అది. చేపల పడవలు వచ్చే వేళకు ఆయన హోటలు తలుపులు తీస్తాడు. కూతుళ్లు నిద్రకళ్లతో టీ గ్లాసులు కడుగుతుంటారు. పీట మీద రొట్టె తట్టే చప్పుడు నా గొంతు కంటే గట్టిగా ఉంది. అది కోపమని నాకు తెలుసు. నేను గొంతు పెంచాను. తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె ముఖం చూడాలి, చూస్తే చదవలేను.

పేజీ తర్వాత పేజీ పోయింది. తండ్రి పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టుండి గుండె పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది, తట్టే చప్పుడు వినిపించి చాలాసేపైంది. ఏదో మాడుతున్న వాసన.

తల ఎత్తి చూశాను. పెనం మీద రొట్టె ఒక పక్కంతా నల్లబడింది, పొగ కిటికీ దాకా పోయింది. అమ్మకు అది కనిపించలేదు. పీట మీద ఆమె అరచేతుల కింద ఇంకో రొట్టె, సగం తట్టింది, అంచుల్లో తడి ఆరి మెల్లగా పగుళ్లిస్తోంది.